కొత్త చైనుకు నూనె

శుక్రవారం మస్కట్‌లో సెలవు. ఆ పొద్దున సురేందర్ వీడియో కాల్ చేసేసరికి కోరుట్లలో అతని భార్య సరిత సైకిల్‌ను వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి ఎదురుచూస్తోంది. సీటూ హ్యాండిలూ నేలకు ఆనాయి, చక్రాలు రెండూ గాలిలో ఉన్నాయి. కూతురు భాగ్యశ్రీ స్టూలు తెచ్చి, దాని మీద నీళ్ల చెంబు పెట్టి, చెంబుకు ఫోన్ ఆనించింది.

"కనవడ్తుందా బాపు?"

"కనవడ్తుంది బిడ్డా. జర ఎడమకు జరుపు. ఆఁ, గంతే. పెడలు, పెద్ద పళ్ల చక్రం మంచిగ కనవడ్తున్నయ్."

భాగ్యశ్రీ ఎనిమిదో తరగతి పాసైంది. బడి తెరిస్తే బస్టాండు అవతల ఉన్న హైస్కూలుకు సైకిల్ మీద పోవాలి. సైకిల్ కొత్తది కాదు, మెట్‌పల్లిలో సరిత అన్న కూతురు తొక్కి వదిలేసింది. పాత చైను తుప్పుపట్టి మాటిమాటికీ ఊడిపోతుంటే, హన్మంతు సైకిల్ షాపులో కొత్త చైను వేయించారు. చైను మీద ఉండే రేకు కవరు సొట్టపడి రాసుకుంటోందని హన్మంతు దాన్ని విప్పేశాడు. జగిత్యాల పోయినప్పుడు వేరేది తెస్తానన్నాడు. అందాకా చైను బోసిగానే ఉంది.

సురేందర్ మస్కట్‌లో నీళ్ల సీసాలు నింపే ఫ్యాక్టరీలో మెకానిక్. సీసాలను మోసుకుపోయే బెల్టుల కింద తిరిగే చైన్లకు నూనె వేయడం, అరిగిన లింకులు మార్చడం అతని పని. ఫోన్ చేసినప్పుడల్లా తిన్నారా, ఎండ ఎట్ల ఉంది అని అడగడం తప్ప మాటలు దొరకని మనిషికి ఆ రోజు చెప్పడానికి బోలెడు ఉంది. గొంతులో హుషారు వినిపిస్తోంది. సరితకు ఆ హుషారు నచ్చింది. అతను వాకిట్లోనే పీట వేసుకుని కూర్చున్నట్టు అనిపించింది.

"ముందుగాల పొడి గుడ్డతోటి పైపైన తుడువు సరితా. కొత్త చైన్ కదా, కంపెనీ గ్రీజు ఉంటది. లోపల ఉంటే మంచిదే గని పైన ఉంటే దుమ్ము పట్కుంటది."

"కొబ్బరినూనె తేవాల్నా?"

"అయ్యో, కొబ్బరినూనె వద్దే! నాల్గు దినాలకే జిగట జిగట అయితది. కుట్టు మిషిన్ నూనె ఉన్నది గద, గది తే. ఒక్కొక్క లింకు మీద ఒక్కొక్క సుక్క. భాగ్యా, నువ్వు పెడలు ఎన్కకు మెల్లగ తిప్పు బిడ్డా. మెల్లగ. అమ్మ సుక్కలు ఎయ్యాలె."

భాగ్యశ్రీ పెడలు పట్టుకుని వెనక్కి తిప్పుతుంటే, సరిత చిన్న సీసాతో చుక్కలు వదులుతూ పోయింది. బీడీలు చేసే చెయ్యి కాబట్టి కుదురుగా ఉంది. ఒక్క చుక్క కూడా పక్కకు పోలేదు. గడపలో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్న అత్త వెంకటవ్వ నవ్వింది.

"గింత సేవ నాకు గూడ చేస్తలేరు. నా మోకాళ్లు గూడ కిర్రు కిర్రు అంటున్నయ్, జర రెండు సుక్కలు ఎయ్యుండ్రి."

ఫోన్లో సురేందర్ కూడా నవ్వాడు. నూనె లోపలికి దిగాలని కాసేపు ఆగమన్నాడు. ఆగారు. తర్వాత పైన మిగిలిన నూనె గుడ్డతో తుడిచేయమన్నాడు. పైన తడి ఉంటే లాభం లేదట, దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకున్నట్టేనట. సరిత పాత లంగా చింపి చేసిన గుడ్డను చైను చుట్టూ పట్టుకుంది. భాగ్యశ్రీ పెడలు తిప్పుతుంటే చైను గుడ్డలోంచి జారుతూ పోయింది. గుడ్డ మీద నల్లటి గీత పడింది.

"అయిపోయింది గద? ఇగ సప్పుడు ఇందాం," అన్నాడు సురేందర్. "చైన్ మంచిగ ఉన్నదా లేదా సప్పుడే చెప్తది. ముందుకు తిప్పు బిడ్డా. జోరుగ తిప్పు. ఇంకా జోరుగ!"

ఫోన్లో అతనికి పెడలూ, కూతురి చెయ్యీ కనిపిస్తున్నాయి. వెనక చక్రం దగ్గర చిన్న పళ్ల చక్రం మీద మిగిలిన నూనె తుడవడానికి సరిత అప్పుడే వంగింది. ఆమె చెయ్యి ఆ తెరలో లేదు.

భాగ్యశ్రీ బలం కొద్దీ తిప్పింది.

గుడ్డ అంచును పళ్లు అందుకున్నాయి. గుడ్డ పోయింది, గుడ్డతో పాటు వేలు పోయింది. సరితకు మొదట నొప్పి తెలియలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని గట్టిగా గుంజినట్టు అనిపించింది, అంతే. చూస్తే తన కుడి చేతి చూపుడు వేలు చైనుకూ పళ్లకూ మధ్యన ఉంది. చక్రం ఆగిపోయింది. కొత్త చైను మీద నుంచి నెత్తురు మెల్లగా జారుతోంది.

"ఎన్కకు తిప్పు," అంది సరిత. తన గొంతు తనకే చాలా మామూలుగా వినిపించింది. "భాగ్యా, ఎన్కకు తిప్పు బిడ్డా."

భాగ్యశ్రీ పెడలు వదిలేసింది. రెండు చేతులూ గాలిలో అట్లాగే ఉన్నాయి. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ దేన్నీ చూస్తున్నట్టు లేవు. సరిత మళ్లీ పిలిచింది. పిల్ల కదల్లేదు. చివరికి సరితే ఎడమ చెయ్యి చాచి, పెడలు అందుకుని వెనక్కి తిప్పింది. వేలు బయటికి వచ్చింది. కొస లేదు.

అప్పుడు అరిచింది. ఆ అరుపుకు వెంకటవ్వ చాటలోని ఆకంతా వాకిట్లో చిమ్ముకుంటూ లేచింది. స్టూలు పడింది, చెంబు దొర్లింది, ఫోన్ ఆకాశం వైపు వెల్లకిలా మట్టిలో పడింది. అందులోంచి సురేందర్ గొంతు వస్తూనే ఉంది.

"ఏమైంది? సరితా! ఏమైందే? ఎవలన్న మాట్లాడుండ్రి! నాకు మొగులు తప్ప ఏం కనవడ్తలేదు! అవ్వా!"

ఎవరూ ఫోన్ వైపు చూడలేదు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చారు. ఒకామె పసుపు తెచ్చి అద్దింది, ఇంకొకామె తువ్వాల చుట్టింది. తువ్వాల ఎర్రబడింది. ఆటో పిలవమని ఒకరంటే ఒకరు అంటున్నారే తప్ప ఎవరూ పిలవలేదు. అంతలో మొండయ్య ఆటో వాకిట్లోకే వచ్చి ఆగింది. అతను రోజూ జగిత్యాల రోడ్డు మీద అడ్డాలో ఉంటాడు, ఇల్లు వీళ్ల ఇంటి వెనకే.

"చెల్లె, ఎక్కు ఎక్కు. సురేందర్ మస్కట్‌కెల్లి ఫోన్ చేసిండు. ఏమైందో ఎరుకలేదు, గని మా ఇంట్ల ఏదో అయింది, ఉరుకు అన్నడు."

సరితకు ఆ మాట ఎక్కడో దూరంగా వినిపించింది. భర్త గుర్తుకొచ్చాడు. అతను వాకిట్లో లేడన్న సంగతీ అప్పుడే గుర్తుకొచ్చింది.

కోరుట్ల దవాఖానలో నర్సు తువ్వాల విప్పి, ముఖం అటు తిప్పుకుని, మళ్లీ చూసింది. నెత్తురు ఆగేలా కట్టు కడుతూ అడిగింది.

"తెగిన ముక్క తెచ్చిన్రా?"

సరిత, వెంకటవ్వ, మొండయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తన ఒంట్లోని ముక్క ఇంకొకచోట ఉండిపోయిందన్న ఆలోచనే సరితకు అంతవరకూ రాలేదు.

గోడకు ఆనుకుని నిలబడ్డ భాగ్యశ్రీ ముందుకు వచ్చింది. చున్నీ కింద నుంచి చెయ్యి తీసింది. పిడికిట్లో మడతపెట్టిన గుడ్డ ఉంది. చైను తుడిచిన అదే గుడ్డ. నర్సు ముందు బల్ల మీద పెట్టింది.

నర్సు విప్పి చూసింది. "ఎవరు తెమ్మన్నరు బిడ్డా నిన్ను?"

భాగ్యశ్రీ చెయ్యి మళ్లీ చున్నీ కిందికి దాచుకుంది.

సరిత దృష్టి తన చేతి మీద నుంచి పిల్ల మీదికి మళ్లింది. తను అరుస్తున్నప్పుడు, వాకిలి నిండా జనం గుమిగూడినప్పుడు, ఈ పిల్ల ఒక్కతే సైకిల్ దగ్గర కూర్చుని, ఆ పళ్ల సందుల్లోంచి దాన్ని వెతికి తీసి మడతపెట్టిందన్నమాట. ఎవరూ చూడలేదు. ఆ ఊహకు సరిత ఒళ్లంతా చల్లబడింది. వేలు పోయినప్పుడు కూడా అంత చల్లబడలేదు.

జగిత్యాలకు పొమ్మన్నారు. మొండయ్యే తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు ఆ ముక్కను వెలుగులో పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. కోసినట్టు తెగి ఉంటే ఏమన్నా చూసేవాళ్లమని, నలిగిపోయిందని, అతకదని చెప్పాడు. మొదటి కణుపు దాకా శుభ్రం చేసి కుట్లు వేశారు. సరిత ఇంకో వైపుకు తల తిప్పుకుని, గోడ మీది గడియారం ముల్లు ఎందుకు తిరుగుతోందో అర్థం కానట్టు చూస్తూ పడుకుంది.

సాయంత్రం వార్డులో ఉండగా సురేందర్ మళ్లీ కాల్ చేశాడు. ముఖం పీక్కుపోయింది. వెనకాల రూములో మనుషులు తిరుగుతున్నారు. సరిత కట్టు చూపించింది. అతను చాలాసేపు చూశాడు.

"నొప్పి ఉన్నదా?"

"సూది ఇచ్చిన్రు. తెలుస్తలేదు."

"భాగ్య ఏది? ఇయ్యి దానికి."

వెంకటవ్వ ఫోన్‌ను పిల్ల ముఖం ముందు పెట్టింది. సురేందర్ గొంతు పెరిగింది. కోపమో ఏడుపో తెలియని గొంతు.

"ఏమే బిడ్డా, గంత జోరుగ ఎందుకు తిప్పినవే? అమ్మ చెయ్యి ఆడున్నది కనవడలేదా? కండ్లు యాడ పెట్టినవ్?"

భాగ్యశ్రీ పెదవులు కదిలాయి. పిల్ల తల వంచేసుకుంది.

సరిత మంచం మీద నుంచి ఆ మాటలు విన్నది. అతను అన్నది ఆమెకు గుర్తుంది. జోరుగ తిప్పు, ఇంకా జోరుగ. నోరు తెరవబోయింది. అతను పరాయి దేశంలో, రేకుల రూములో, పక్కన తనవాళ్లెవరూ లేకుండా ఉన్నాడు. ఈ మాట ఇప్పుడు అంటే ఏం చేసుకుంటాడో అనిపించింది. రేపు చెప్పొచ్చులే అనుకుంది. సూది మత్తుకు కళ్లు మూతపడ్డాయి.

ఆ రేపు రాలేదు. పరామర్శకు వచ్చిన వాళ్లందరికీ వెంకటవ్వ గడపలో కూర్చుని చెప్పింది. "పోరి ఆటలకు తిప్పింది. జోరుగ తిప్పింది. పిల్లలకు ఏమెరుక?" ఆమె మనవరాలిని తిట్టాలని చెప్పలేదు. ఆకు మీది ధ్యాసలో ఆ రోజు జోరుగ తిప్పమన్న మాట ఆమె చెవిన పడలేదు. జరిగింది అదేనని నమ్మింది, తన కొడుకే అట్ల అన్నాడు కదా. వచ్చినవాళ్లు భాగ్యశ్రీ వైపు జాలిగా చూసి, చాయ్ తాగి పోయేవాళ్లు. ఆ జాలికి పిల్ల తలుపు చాటుకు పోయేది.

పిల్ల మాట్లాడటం మానేసింది. అడిగితే తల ఊపేది. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, అంట్లు తోమేది, తల్లికి తల దువ్వేది. చెప్పకుండానే అన్నీ చేసేది. చూసినవాళ్లు ఎంత బుద్ధిమంతురాలు అనేవాళ్లు. సరితకు మాత్రం భయమేసేది. పిల్ల నడుస్తుంటే అడుగుల చప్పుడు కూడా రావడం లేదు.

సైకిల్‌ను మొండయ్య లేపి గోడకు ఆనించి పెట్టాడు. నెత్తురు మరకలను ఎవరూ కడగలేదు. వానలు పడ్డాయి. జల్లు గోడ దాకా కొట్టి కొత్త చైను మీద ఎర్రగా తుప్పు పాకింది. బడి తెరిచారు. భాగ్యశ్రీ సైకిల్ వైపు చూడకుండా బ్యాగు తగిలించుకుని నడిచి పోయేది.

కుట్లు విప్పాక సరిత ఒకరోజు చాట ముందు కూర్చుంది. ఆకు చుట్టగలిగింది. దారం కట్టడం కూడా ఎట్లాగో వచ్చింది. బీడీ మూతి మలిచేది చూపుడు వేలి కొసతోనే. ఆ కొస అక్కడ ఉన్నట్టే అనిపించి వేలు నొక్కింది. నొక్కడానికి ఏమీ లేదు. మొండి వేలు జర్దా పొగాకుకు తగిలి నిప్పు అంటుకున్నట్టు మండింది. చాట పక్కన పెట్టి, ఎంతోసేపు ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

జూలైలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. భాగ్యశ్రీ క్లాసు టీచరు ఉమారాణి.

"సరితగారూ, భాగ్యశ్రీకి ఆరోగ్యం ఎట్లుంది? వారం కన్న ఎక్కువైంది, బడికి వస్తలేదు. మీ చెయ్యి బాలేదని ఇంట్ల ఉంచుకున్నరేమో అనుకున్న. గని తొమ్మిదో తరగతి కదా."

సరితకు వెంటనే అర్థం కాలేదు. "లేదు మేడం. రోజు పోతుంది. గీ పొద్దుగాల గూడ యూనిఫాం ఏస్కొని పోయింది."

టీచరు హాజరు పుస్తకం తిరగేసిన చప్పుడు వినిపించింది. "రాలేదండీ," అంది మెల్లగా.

సరిత చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చింది. మొండయ్య ఆటో తీశాడు. బడి గేటు దగ్గర, బస్టాండులో, మార్కెట్ దగ్గర చూశారు. కల్లూరు రోడ్డు దాకా పోయి వచ్చారు. పిల్ల రోజూ బ్యాగు తగిలించుకుని ఎటు పోతోంది? ఎవరితో పోతోంది? రకరకాల ఆలోచనలు వచ్చాయి. చివరికి ఇంటికి రెండు వీధుల అవతల ఒక ముసలాయన చెప్పాడు. "గా పిల్లనా? ఊర్మిల ఇంట్ల ఉంటది గద రోజు."

ఊర్మిల కూడా బీడీలు చేస్తుంది. ఆమె రేకుల పందిరి కింద ఆడవాళ్లు నలుగురైదుగురు వరసగా కూర్చుని ఉన్నారు. ఆ వరసలో చివర, నీలం యూనిఫాంలో, ఒళ్లో చాట పెట్టుకుని, తల వంచుకుని భాగ్యశ్రీ బీడీ మూతి మలుస్తోంది. బడి బ్యాగు వీపు వెనకాల ఉంది. వేళ్లు జర్దాతో పచ్చబడ్డాయి.

సరిత పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. తన చెయ్యి చైనులో ఉన్నప్పుడు పిల్ల ఎట్ల నిలబడిందో, ఇప్పుడు తను అట్ల నిలబడింది.

ఊర్మిలే ముందు చూసింది. "అక్కా, రా. కూసో. మంచిగ నేర్చుకుంటుంది నీ బిడ్డ, చెయ్యి నీదే అనుకో."

"ఎవలు పంపిన్రు దీన్ని?"

ఊర్మిల ముఖం మారింది. "నువ్వే పంపినవని చెప్పింది గదక్కా! అమ్మ చెయ్యి మానేదాక నేర్చుకొమ్మన్నది, బడికి సెలవు పెట్టిన అన్నది. నాకేం ఎరుక?"

సరిత పిల్ల ఒళ్లోంచి చాట తీసి కింద పెట్టింది. రెక్క పట్టుకుని లేపింది. ఆటో ఎక్కించింది. మొండయ్య అద్దంలో ఒకసారి చూసి, మళ్లీ చూడలేదు.

ఇంట్లోకి వచ్చాక అడిగింది. "ఎందుకే? ఎందుకు చేసినవే గీ పని?"

చాలా రోజుల తర్వాత భాగ్యశ్రీ నోరు విప్పింది. గొంతు బొంగురుగా ఉంది, వాడకుండా మూలన పడేసిన వస్తువులా.

"నీ వేలు నేనే తీసిన గద. నీ పని నేనే చెయ్యాలె."

వెంకటవ్వ చేతిలోని కత్తెర ఆగిపోయింది. సరిత ఫోన్ తీసింది. అది శుక్రవారం కాదు, సురేందర్ డ్యూటీలో ఉంటాడు. అయినా చేసింది. పిల్ల వినాలని, అత్త వినాలని స్పీకర్ పెట్టింది.

సురేందర్ భయపడుతూ ఎత్తాడు. "ఏమైందే? గీ టైంల చేసినవ్?"

"ఒక్కటి అడుగుతా. మంచిగ యాది చేస్కొని చెప్పు. గా దినం, నూనె ఏసినంక, జోరుగ తిప్పు అన్నది ఎవలు?"

"ఎవలు అంటే? భాగ్యే గద జోరుగ తిప్పింది."

"తిప్పింది భాగ్యే. తిప్పుమన్నది ఎవలు? సప్పుడు ఇందాం, జోరుగ తిప్పు బిడ్డా, ఇంకా జోరుగ అని. నీ నోటెంట అచ్చిన మాట. నేను చెవులార విన్న. నీకు నా చెయ్యి కనవడలే, అది నీ తప్పు కాదు. గని మాట నీదే."

అవతల నుంచి యంత్రాల హోరు వినిపించింది. సీసాలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు.

"నేనన్ననా?" అన్నాడు చివరికి.

"నువ్వే అన్నవ్. ఇన్ని దినాలు నేను చెప్పలే. అక్కడ ఒక్కనివి ఉన్నవని చెప్పలే. నేను నోరు మూస్కుంటే పిల్ల బడి ఇడిచిపెట్టి బీడీలు చేస్తుంది, నా వేలు తీసిన అనుకుంట."

భాగ్యశ్రీ తల ఎత్తింది. కళ్లు పెద్దవయ్యాయి. తండ్రి ఫోన్‌ను కాకుండా తల్లినే చూస్తోంది.

"నిజంగనే అన్నడా అమ్మా? బాపు అన్నడా?"

"అన్నడు బిడ్డా. నీకు యాదికి లేదా?"

"ఉండె. ముందుగాల ఉండె." మాటలు తడబడుతున్నాయి. "మరి బాపే ఎందుకు తిప్పినవ్ అన్నడు. నాయనమ్మ గూడ గట్లనే అన్నది. అందరు అన్నరు. నేనే ఉత్తగ అనుకుంటున్ననేమో, బాపు అనకుండనే నాకు ఇనవడ్డదేమో అనుకున్న."

వెంకటవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది.

పిల్ల తప్పు మోస్తోందని మాత్రమే సరిత అనుకుంది. పిల్ల తన చెవులనే నమ్మడం మానేసిందని అనుకోలేదు.

ఫోన్లో సురేందర్ ఏడుస్తున్నాడు. పక్కన ఎవరో హిందీలో ఏమైందని అడుగుతున్నారు. "నేను రోజు కొత్త పోరగాండ్లకు చెప్త సరితా," అన్నాడు ఏడుపు మధ్యలో. "బెల్టు ఆపకుండ చెయ్యి పెట్టద్దు, ఎవలన్న చెయ్యి పెట్టి ఉన్నరేమో చూడకుండ బెల్టు నడపద్దు. రోజు పొద్దుగాల నేనే చెప్త. నా ఇంట్ల నేనే నడుపుమన్ననా? భాగ్యా... బిడ్డా... తప్పు నాది. నీది కాదు. నీది అసలే కాదు."

సరిత ఫోన్ పిల్ల వైపు జరిపింది. భాగ్యశ్రీ తీసుకోలేదు. లేచి లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. కొంతసేపటికి లోపల నుంచి ఏడుపు వినిపించింది. గట్టిగా, ఊరంతా వినేలా. సరిత పోయి ఆపలేదు. దుర్ఘటన జరిగిన రోజు నుంచి ఆ పిల్ల ఏడవనే లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు సరిత తనే బడికి తీసుకుపోయి ఉమారాణి టీచరుకు అప్పగించింది. వెంకటవ్వ ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అడగకముందే చెప్పసాగింది. "నా కొడుకు అన్నడు, పిల్ల ఇన్నది. పెద్దోళ్ల మాట ఇనుడు తప్పా?" కొందరికి ఆ మాట తలా తోకా తెలియలేదు. అయినా ఆమె చెప్పడం ఆపలేదు.

ఆ తర్వాతి ఆదివారం సరిత సైకిల్‌ను నడిపించుకుంటూ హన్మంతు షాపుకు పోయింది. భాగ్యశ్రీ వస్తానని అనలేదు గానీ వెనకాలే వచ్చి, రోడ్డు అవతల నిలబడింది. హన్మంతు చైను చూసి నొచ్చుకున్నాడు. కవరు విప్పినందుకు ఇన్నాళ్లూ ముఖం చూపించలేకపోయానని అన్నాడు. తుప్పు పైపైనే ఉంది, లోపల నూనె ఉండబట్టి లింకులు పట్టెయ్యలేదు, మార్చాల్సిన పని లేదన్నాడు. చైను ఊడదీసి కిరోసిన్‌లో ముంచి బ్రష్‌తో రుద్దాడు. ఎరుపు పోయింది. ఆ ఎరుపులో ఎంత తుప్పో ఎంత కాదో సరిత చూడలేదు. ఆరబెట్టి ఎక్కించాక, నూనె తను వేస్తానంది. ఎడమ చేత్తో సీసా పట్టుకుంది. చుక్కలు పక్కకు పడ్డాయి.

తుడవాల్సి వచ్చినప్పుడు ఆమె గుడ్డ పట్టుకుని ఆగింది. హన్మంతు చక్రాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టి ఆపాడు.

"గుడ్డ పెట్టినప్పుడు చైన్ నడవద్దు చెల్లె. ఆగినప్పుడే జానెడు తుడువు. చెయ్యి తియ్యి. అప్పుడు జర తిప్పు, మళ్ల ఆపు. ఇంక జానెడు. ఆలస్యం అయితే కానియ్."

అట్లాగే చేశారు. ఆపడం, తుడవడం, చెయ్యి తీయడం, తిప్పడం. చాలాసేపు పట్టింది. మధ్యలో ఎప్పుడో భాగ్యశ్రీ రోడ్డు దాటి వచ్చింది. సైకిల్‌ను ముట్టుకోలేదు. తల్లి చెయ్యి తీసిన ప్రతిసారీ "తీసింది," అని హన్మంతుకు చెప్పింది. ఆ మాట విన్నాకే అతను తిప్పాడు. పని అయ్యాక జగిత్యాల నుంచి తెచ్చిన కొత్త కవరు బిగించాడు. పైసలు ఇవ్వబోతే చేతులు జోడించాడు.

సైకిల్ ఇంటికి వచ్చింది. భాగ్యశ్రీ తొక్కలేదు. తొక్కమని ఎవరూ అనలేదు. కొన్నాళ్లకు మొండయ్య కొడుకు అడిగితే వాడికి ఇచ్చేయమని భాగ్యశ్రీయే అంది. సరిత ఇచ్చేసింది. పిల్ల నడిచే బడికి పోతోంది. సరిత బీడీల పని మాని, ఉమారాణి టీచరు చెప్పగా బడి వంటలో చేరింది. గరిట తిప్పడానికి చూపుడు వేలు లేకపోయినా నడుస్తుంది.

సురేందర్ ప్రతి శుక్రవారం ఫోన్ చేసి అడిగేవాడు. "మాట్లాడుతదా?" సరిత పిల్ల వైపు చూసేది. పిల్ల తల అడ్డంగా ఊపేది. "ఇయ్యాల కాదు," అనేది సరిత. అతను సరే అని పెట్టేసేవాడు.

బతుకమ్మ సెలవుల్లో ఒక శుక్రవారం, సరిత బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. ఆగిపోయింది. తీగ మీద చీర పరుస్తూ ఉండగా లోపల మాటలు వినిపించాయి. గుమ్మం దాకా వచ్చి ఆగింది. భాగ్యశ్రీ మంచం మీద కూర్చుని ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"మీ ఫ్యాక్టరీల ఎవలదన్న చెయ్యి బెల్టుల పడ్డదా బాపు?"

"పడ్డది బిడ్డా. నేను అచ్చిన కొత్తల. రఫీక్ అని, బంగ్లాదేశ్ ఆయన. నా పక్కనే పని చేస్తుండె. నేను ఉరికి ఆపే గుండీ ఒత్తిన. గని అప్పటికే అయిపోయింది."

సరిత తడి చీర పట్టుకుని అట్లాగే నిలబడింది. ఈ సంగతి ఆమె ఎన్నడూ వినలేదు. ఎన్ని శుక్రవారాలు, ఎన్ని కాల్స్, ఎన్నిసార్లు అంతా మంచిగనే ఉన్నది అన్నాడు ఈ మనిషి!

"అమ్మకు చెప్పినవా?"

"లే. బుగులైతదని చెప్పలే. ఎవ్వలికి చెప్పలే."

"గా దినం అన్నం తిన్నవా?"

"తినలే బిడ్డా. చాన దినాలు తినలే. నా చెయ్యి నేను చూస్కుంటెనే కడుపుల తిప్పేది. చెంచాతోటి తినేటోణ్ణి. అందరు నవ్వేటోళ్లు."

భాగ్యశ్రీ ఫోన్‌ను ఇంకా దగ్గరికి పెట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి, ఇంకెవరికీ చెప్పనిది చెబుతున్నట్టు అంది.

"నాకు గూడ గట్లనే అయితుంది బాపు. ఇప్పటికి గూడ. ఎన్ని దినాలకు పోయింది నీకు?"

సురేందర్ చెప్పడం మొదలుపెట్టాడు.